ఈసారి కరువుకంటే ముందే

(ముంగారు విత్తనానికి ముందు, 2025 మే నెలలో ఎమ్మిగనూరులో జరిగిన రైతుల సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం మీటింగంటే సర్కారును నిలదీయడానికే అని అందరికీ తెలుసు. కలెక్టరాఫీసు ముందర కూర్చున్నాం. ఎండిన పత్తి చెట్లు పెరికి తెచ్చి తాసిల్దారు ఆఫీసు మెట్ల మీద పరిచినాం. నినాదాలిచ్చి గొంతులు పోయినాయి. అటువంటి మనం ఈరోజు ఒక రెండు పనులకు చప్పట్లు కొట్టమని అడుగుతున్నాం. అలవాటు లేని పని కాబట్టి కొందరికి ఇబ్బందిగా ఉంటుంది. పోయిన నెల కమిటీలో దీని మీద వాదన కూడా జరిగింది. "సర్కారును మెచ్చుకుంటే మనకు పనేముంటుంది?" అని ఒకాయన అడిగినాడు. మెచ్చుకున్న తర్వాతే మనకు అసలు పని మొదలవుతుందని మేం జవాబు చెప్పినాం. ఆ మాట ఎందుకన్నామో ఇప్పుడు చెబుతాం.

మొదటి సంగతి. పోయిన నవంబరు 25న కేంద్ర మంత్రివర్గం ప్రకృతి వ్యవసాయానికి జాతీయ మిషన్‌ను ఆమోదించింది. మొత్తం 2,481 కోట్లు. అందులో కేంద్రం వాటా 1,584 కోట్లు, రాష్ట్రాల వాటా 897 కోట్లు. దేశమంతా 15 వేల క్లస్టర్లు, ఏడున్నర లక్షల హెక్టార్లు, కోటి మంది రైతులకు చేరాలని లక్ష్యం. రెండో సంగతి మన జిల్లాలోనే జరిగింది. మార్చి 22న ఓర్వకల్లు మండలం పూడిచెర్లలో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ గడ్డపార పట్టి సేద్యపు నీటి కుంటల పనులు మొదలుపెట్టినారు. రాష్ట్రమంతా లక్షా 55 వేల కుంటలు, ఉపాధి హామీ కింద, ఈ వేసవిలోనే తవ్వాలని చెప్పినారు.

ఈ రెండూ గొప్ప విప్లవాలని మేం అనడం లేదు. డబ్బు లెక్క చూస్తే చిన్నవే. అయినా మా వయసు వాళ్లకు ఇందులో ఒక కొత్త సంగతి కనబడుతోంది. మన పడమటి కర్నూలుకు ఇన్నేళ్లూ సర్కారు వచ్చింది ఎప్పుడు? కరువు వచ్చిపోయినాక. ఈసారి కరువు రాకముందే కదిలింది.

మన తాతలు ధాత కరువు కథ చెప్పేవాళ్లు. 1876లో మొదలై 1878 దాకా నడిచిన ఆ కరువు నాటికి ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేవి. మనం ఆంధ్రలో కలిసింది 1953లో. ఆ కరువులో తెల్లదొరల సర్కారు ఏం చేసింది? జనం ఎండుకొని పోయినాక కరువు పనులు పెట్టింది. ఆ పనుల్లో మట్టి మోసే మొగమనిషికి రోజు కూలి ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కూడా లేదు, దాని మీద ఒక్క అణా. టెంపుల్ అనే దొర ఖర్చు తగ్గించడానికి కనిపెట్టిన లెక్క అది. ఆ తర్వాత స్వాతంత్ర్యం వచ్చింది, ఓటు వచ్చింది. గంజి కేంద్రాలు వచ్చినాయి, పశుగ్రాసం లారీలు వచ్చినాయి, కరువు మండలాల జాబితాలు వచ్చినాయి, ఇన్‌పుట్ సబ్సిడీ వచ్చింది. తెల్లదొరల కాలం కంటే వెయ్యి రెట్లు నయం. అయినా వరస మారలేదు. ముందు పంట పోవాలి, తర్వాత అధికారులు రావాలి, తర్వాత జాబితా, తర్వాత డబ్బు. ఆ డబ్బు చేతికి వచ్చేసరికి రైతు ఎక్కడుంటాడు? గుంటూరులో మిరప తోటలో ఉంటాడు.

2023 గుర్తుందా? ఆ ఆగస్టు నెలంతా ఆకాశం చూస్తూ కూర్చున్నాం. 1901 నుంచి వాన లెక్కలు రాస్తుంటే దేశం మొత్తం మీద అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. అక్టోబరు చివరకు రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించినారు. మన జిల్లాలో దాదాపు అన్ని మండలాలూ అందులో ఉన్నాయి. ప్రకటన వచ్చేనాటికి మన ఊర్ల సంగతేంటి? దసరా అయిపోయింది, సుగ్గికి పోయే లారీలు ఊరి బయట నిలబడినాయి. జాబితాలో మన మండలం పేరుంది, మండలంలో మనం లేం.

ఇంకొంచెం వెనక్కి పోతే 2009. ఆ ఏడాది దేశమంతా వాన కరువు. మన దగ్గర సెప్టెంబరు దాకా చేన్లు బీటలు వారినాయి. ఆ తర్వాత మూడు నాలుగు రోజుల్లో వాన కుమ్మరించింది. అక్టోబరు 2 నాటికి తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగింది, మంత్రాలయం మునిగింది. ఒకే ముంగారులో కరువూ చూసినాం, వరదా చూసినాం. వాతావరణ మార్పు అంటే ఏందో మనకు ఇంగ్లీషు పుస్తకాలు చదివి చెప్పనక్కరలేదు. ఏడాది మొత్తం వాన సగటుకు దగ్గరగానే ఉందని కాగితం చెబుతుంది. పదును కావాల్సినప్పుడు లేని వాన, కాయ పగిలేటప్పుడు వస్తుంది. పత్తి తడిసి ఆదోని యార్డుకు పోతే తేమ 12 శాతం దాటిందని కొనుగోలు కేంద్రంలో వెనక్కి పంపుతారు. పోయిన సీజన్లో పొడుగు పింజకు మద్దతు ధర 7,521 రూపాయలని గోడ మీద రాసి ఉంటుంది, తడిసిన పత్తికి అది వర్తించదు.

కాలువ కింద ఉన్నవాళ్లకు మాత్రం నిశ్చింత ఉందా? పోయిన ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. నిండిన డ్యాం నీళ్లు కళ్ల ముందే ఏటిలోకి పోతుంటే ఎల్లెల్సీ ఆయకట్టు రైతులెవ్వరం ఆ వారం నిద్రపోలేదు. డెబ్బై ఏళ్ల పాత గేట్లు. 133 టీఎంసీలకు కట్టిన డ్యాం పూడికతో ఇప్పుడు 105 టీఎంసీల కాడ ఉంది. పెద్ద నీళ్ల కోసం మన కొట్లాట ఆగదు. వేదవతి ఎత్తిపోతల కోసం, కాలువ లైనింగ్ కోసం, డ్యాం గేట్ల కోసం అడుగుతూనే ఉంటాం. కుంటలు వచ్చినాయి కదా, ప్రాజెక్టులెందుకని ఎవరైనా అధికారి అంటే అక్కడే నిలదీయండి.

ఇక కుంట సంగతి. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తున్నారు. "ఆ గుంతలో ఎన్ని నీళ్లు నిలుస్తాయప్పా?" అంటున్నారు. లెక్క వేసి చూద్దాం. ఒక అంగుళం వాన ఒక ఎకరం మీద పడితే లక్ష లీటర్లు. అవును, లక్ష. కొత్త పదునులో నేల కొంత తాగుతుంది. గట్టి వాన అయితే ఎర్రనేలల్లో మిగిలింది మట్టిని కూడా తీసుకొని వంకలోకి పోతుంది. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు కుంట తవ్వి గట్లు వాలుగా తీస్తే లక్షా 30 వేల లీటర్లు పడతాయి. పూత మీద, ఊడ మీద పది పన్నెండు రోజులు బెట్ట తగిలినప్పుడు ఒక తడి, సెంటీమీటరు వాన లెక్కన ఇస్తే ఎకరాకు 40 వేల లీటర్లు చాలు. అంటే ఒక నిండు కుంట మూడెకరాల వేరుశనగను ఒక గండం దాటిస్తుంది. అది కూడా ఒక్కసారి నిండితే. ఏడాదిలో రెండు మూడు సార్లు నిండే అవకాశముంది. పోయే భూమి ఎంత? గట్టుతో కలిపి నాలుగైదు సెంట్లు.

అన్ని నేలల్లో ఇది ఒకే తీరుగా పనిచేయదు. నల్లరేగడిలో నీళ్లు నిలబడతాయి. ఎర్రనేలలో, గరుసు నేలలో వారానికే ఇంకిపోతాయి. ఇంకితే నష్టమేం లేదు, కింద బోరుకు ఆసరా. అయితే తడి ఇద్దామనుకున్నవాళ్లు అడుగున బంకమన్ను పరిచి తొక్కించాలి. కుంట ఎక్కడ తవ్వాలో కూడా రైతే చెప్పాలి. టేపు పట్టుకొని వచ్చినాయన రోడ్డు పక్కన చూపిస్తాడు, ఫోటోకు బాగుంటుందని. నీళ్లు వచ్చేది పల్లం వైపు. మన చేను వాలు మనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మనలో ఒకరి చేన్లో ఇదివరకు ఇట్లాగే మిట్ట మీద తవ్వినారు. ఇప్పుడు అందులో మేకలు పడుకుంటున్నాయి.

రెండోది ప్రకృతి వ్యవసాయం. ఈ మిషన్ ఢిల్లీ నుంచి వచ్చిందని అనుకోవద్దు. దీనికి దారి వేసింది మన రాష్ట్రం రైతులు, అందులోనూ ఎక్కువ భాగం ఆడవాళ్లు. 2016లో రైతు సాధికార సంస్థ ద్వారా మొదలైన పని ఇది. మహిళా సంఘాల వెంట ఊరూరికీ పోయింది. ఇప్పుడు పది లక్షల మందికి పైగా రైతులు ఇందులో ఉన్నారు. పోయిన జూలైలో పోర్చుగల్ దేశం లిస్బన్‌లో గుల్బెంకియన్ బహుమతి ఇచ్చినారు. జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ అధ్యక్షతన ఉన్న జ్యూరీ ఎంపిక చేసిన ముగ్గురు విజేతల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం. పది లక్షల యూరోల బహుమతి ముగ్గురికీ పంచినారు. మన సీమ చేన్లలో ఆడవాళ్లు పేడ, బెల్లం కలిపిన పనికి అంత దూరం లెక్క ఉందంటే మనం తల ఎత్తుకోవాల్సిందే.

అందులో మన ప్రాంతానికి బాగా పనికొచ్చేది ఒకటుంది. వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు విత్తడం. పీఎండీఎస్ అంటున్నారు. కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, అనుము, పెసర, ఉలవ, ఆముదం, కంది, నువ్వు, గోగు, జనుము, ఇట్లా పది పదిహేను రకాలు, ఇంకా ఎక్కువైనా మంచిదే. ఎకరాకు పది పన్నెండు కిలోలు. విత్తనానికి బీజామృతం పట్టించి, బంకమన్ను, ఘనజీవామృతం పొడి, బూడిద అద్ది ఉండల్లాగా చేసి నీడన ఆరబెట్టాలి. ఆ పూత ఉంటే చీమలు ఎత్తుకుపోవు, చిన్న జల్లుకు తొందరపడి మొలిచి మాడిపోదు. తగినంత పదును అయినప్పుడే మొలుస్తుంది. నేల మీద ఇంత చెత్త, పాత పొట్టు కప్పితే మంచు చెమ్మ కూడా దానికి ఆసరా. అసలు పంట పెట్టేలోపు నెలన్నర, రెండు నెలల పచ్చిక. కోసి పశువులకు వేయొచ్చు, మిగిలింది కలియదున్నొచ్చు. జూన్ నెలలో మొదటి గాలివానకు కొట్టుకుపోయే మట్టి అట్లే నిలబడుతుంది. మేతకోసం ఎద్దులు అమ్ముకున్న ఊర్లలో ఈ ఒక్క లాభం చాలు.

మనలో కొందరం మూడేళ్లుగా అర ఎకరం, ఎకరం ఇట్లా చేసి చూసినాం. మొదటి ఏడు సగం మొలవలేదు, ఉండలు గట్టిగా అయినాయి. రెండో ఏడు మొలిచింది, పక్క ఊరి గొర్రెలు మేసి పోయినాయి. మూడో ఏడు మాత్రం గుంటక పెట్టినప్పుడు నేల విరిగిన తీరు చూసి మాకే ఆశ్చర్యం వేసింది. దిగుబడి గొప్పలు మేం చెప్పం. పత్తి దిగుబడి పక్క చేను కంటే కొంత తగ్గింది, ఖర్చు చాలా తగ్గింది, అప్పు దుకాణం మెట్లు ఎక్కే పని తగ్గింది. అంతే చెప్పగలం.

భయాలు కూడా ఉన్నాయి, దాచిపెట్టం. 2021లో శ్రీలంక సర్కారు రసాయన ఎరువులు ఒక్కసారిగా నిషేధించింది. ఏడాది తిరక్కుండానే నిర్ణయం వెనక్కి తీసుకుంది, అప్పటికే రైతులు మునిగినారు. అట్లా తలకిందులుగా దూకమని ఇక్కడ ఎవరూ అనడం లేదు, అంటే మన సంఘం ఒప్పుకోదు. చేనులో ఒక మూల మొదలుపెట్టండి. ఇంకొక మాట. 2,481 కోట్లను కోటి మంది రైతులకు పంచి చూడండి, తలకు రెండున్నర వేలు కూడా రాదు, అదీ 2026 మార్చి దాకా. ఎరువుల సబ్సిడీకి ఏటా లక్షా 60 వేల కోట్లు దాటి పోతోంది. కాబట్టి ఇది తొలి అడుగే. పచ్చిరొట్ట, పేడ పేరు చెప్పి యూరియా సబ్సిడీ కోసే ఆలోచన ఎవరికైనా ఉంటే, నేల కోలుకునేదాకా రైతును ఎవరు మోస్తారో ముందు చెప్పాలి.

ప్రపంచం సంగతి కూడా ఒక ముక్క. సరిగ్గా ఈ మిషన్‌కు ఆమోదం వచ్చిన ముందు రోజు, నవంబరు 24న, బాకూ నగరంలో ప్రపంచ దేశాల వాతావరణ సమావేశం ముగిసింది. పేద దేశాలకు 2035 నాటికి ఏటా 30 వేల కోట్ల డాలర్లు అన్నారు. చాలదని మన దేశం అక్కడే అభ్యంతరం చెప్పింది. ఆ పొగ వదిలింది మనం కాదు. కోసిగిలో ఎద్దుల గొర్రు తోలే రైతు ఈ భూమిని ఎంత వేడి చేసి ఉంటాడు? 2024 ప్రపంచంలో అన్నిటికంటే వేడి సంవత్సరమని లెక్క తేల్చినారు. దాని బిల్లు ముందుగా వచ్చింది మన ఇంటికి. కాబట్టి ఈ డబ్బు ఎవరి దయా కాదు, మనకు రావాల్సిన బాకీ. బాకీలో మొదటి కంతు వచ్చిందని సంతోషపడదాం, చీటీ మాత్రం చింపొద్దు.

ఇప్పుడు అసలు చిక్కు. కుంటలు తవ్వేది ఎప్పుడు? మార్చి నుంచి మే. మన ఊర్లు ఖాళీగా ఉండేది ఎప్పుడు? నవంబరు నుంచి ఇంచుమించు అదే మే దాకా. కౌతాళం, కోసిగి, పెద్దకడుబూరు వైపు పోయి చూడండి. ఇంటికి తాళం, అరుగు మీద ముసలమ్మ, ఆమె దగ్గర ఇద్దరు పిల్లలు. ఒక్కో ఇంట్లో పిల్లలను కూడా వెంట తీసుకుపోతారు, బడి అంతటితో సరి. ఉపాధి కూలి ఏప్రిల్ నుంచి 307 రూపాయలయింది. కానీ జాబ్ కార్డు ఉన్న మనిషి గుంటూరులో మిరపకాయలు కోస్తుంటే, హైదరాబాదులో సిమెంటు మోస్తుంటే, ఆ 307 ఎవరికి? కుంట ఎవరు తవ్వాలి? చివరకు రాత్రి పూట మిషన్ వస్తుంది, మస్టర్‌లో ఎవరి పేరో వస్తుంది. మన డిమాండు ఒక్కటే. పడమటి మండలాల్లో పనులు దసరా కాకముందే తెరవాలి. సుగ్గి లారీ ఊర్లోకి రాకముందే పని కనబడాలి. కూలి పదిహేను రోజుల్లో చేతిలో పడాలి. కరువు మండలంగా ప్రకటిస్తే వంద రోజులకు ఇంకో యాభై రోజులు కలిపే వెసులుబాటు ఉంది. ఆ ప్రకటన కూడా జాగు లేకుండా రావాలి. కరువుకంటే ముందు కదలడం అంటే ఇది. కుంటతో పాటు, కుంట తవ్వే మనిషి కూడా ఊర్లో ఉండాలి.

కౌలు రైతుల మాట మరిచిపోతే ఇంత మాట్లాడీ దండగ. మన ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల సేద్యం చేసేవాళ్లలో కౌలుదారులు తక్కువేం లేరు. కౌలు కార్డుకు భూమి యజమాని సంతకం కావాలి. కుంటకు యజమాని ఒప్పుకోవాలి. నేలను బాగు చేస్తే మూడో ఏటికి కౌలు పెంచుతాడు, లేదంటే ఇంకొకరికిస్తాడు. నేల బాగుచేసిన కౌలుదారుకు కనీసం ఐదేళ్లు భద్రత లేకపోతే పీఎండీఎస్ ఎవరు వేస్తారు? క్లస్టర్ జాబితాలో కౌలు రైతు పేరు విడిగా ఉండాలని మనం కలెక్టరు గారికి అర్జీ ఇస్తున్నాం. ఈరోజు ఆ కాగితం మీద సంతకాలు పెట్టి పోండి.

ఈసారి వాన సగటుకు 105 శాతం ఉంటుందని వాతావరణ శాఖ ఏప్రిల్‌లోనే చెప్పింది. నిజమైతే సంతోషం. మంచి వాన ఏడాదిలోనే కుంట నింపుకోవాలి, విత్తనం దాచుకోవాలి. చెడ్డ ఏడాది వచ్చినాక తవ్వితే అందులో ఏం పోస్తాం?

రెండు వారాల్లో చేయాల్సినవి చెబుతాం, రాసుకునేవాళ్లు రాసుకోండి. మీ పంచాయతీలో కుంటల జాబితా ఎన్ని పేర్లతో ఉందో ఫీల్డ్ అసిస్టెంటును అడగండి. చెప్పకపోతే ఐదుగురు కలిసి ఎంపీడీఓ ఆఫీసుకు పోయి రాతపూర్వకంగా అడగండి. సుగ్గి నుంచి తిరిగివచ్చినవాళ్లకు ఈ సంగతి మనమే ఇంటికి పోయి చెప్పాలి, వాళ్లు మీటింగులకు రారు. నవధాన్యాల కోసం రైతు సేవా కేంద్రంలో అడగండి, లేవంటే మన దగ్గరే కూడగట్టుకుందాం. ఒక ఊర్లో ఉలవలుంటాయి, ఒక ఊర్లో అనుములుంటాయి. ఉండలు కట్టడం తెలియనివాళ్లు బనవాసి కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు, మహిళా సంఘాల్లో ఇప్పటికే చేస్తున్న అక్కలను అడిగితే ఇంకా బాగా చెబుతారు.

వచ్చే ఆదివారం పొద్దున తొమ్మిదింటికి సంఘం ఆఫీసు దగ్గర విత్తనాలు కలిపే పని పెట్టుకున్నాం. ఎవరింట్లో ఏ గింజ ఉంటే అది ఒక సేరు తెండి. బంకమన్ను ఒక బండెడు తెప్పిస్తున్నాం, బూడిద మీరు తేవాలి. జాబ్ కార్డు, పాసుపుస్తకం జిరాక్సులు మరిచిపోవద్దు. కుంట అర్జీలు అక్కడే రాసిస్తాం. పోయేటప్పుడు తలా పది కిలోలు పట్టుకుపోవాలి కాబట్టి, దయచేసి చిరగని సంచులు తెచ్చుకోండి.